వదినా అని రెండుసార్లు

నేను దయ్యాలను నమ్మను. ఇది చదివాక మీరు నమ్మితే నాకేం అభ్యంతరం లేదు గానీ, నేను మాత్రం నమ్మను. విజయవాడ గవర్నర్‌పేటలో మా ఆయనా నేనూ హోల్‌సేల్ బట్టల కొట్టు నడుపుతున్నాం. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా బేరాలాడే మనుషులతోనే తల ప్రాణం తోకకొస్తుంది. కనబడని వాళ్ళ గురించి ఆలోచించే తీరిక నాకెప్పుడూ దొరకలేదు.

చిన్నప్పుడు చల్లపల్లిలో మా ఇంటి వెనక ఒక పాత వడ్ల గోదాము ఉండేది. అందులో దయ్యం ఉందని పిల్లలంతా హడలిపోయేవాళ్ళు. పందెం కట్టి లోపలికి వెళ్ళి కూర్చున్నదాన్ని నేనే. అక్కడ ఉన్నవి పందికొక్కులు. అప్పటి నుంచీ ఎవరు దయ్యం అన్నా నాకు పందికొక్కులే గుర్తొస్తాయి.

అలాంటి నాకు జరిగిన సంగతి ఇది. జరిగింది అర్ధరాత్రీ కాదు, శ్మశానంలోనూ కాదు. పట్టపగలు, యూరప్‌లో, సైకిలు మీద. జరిగింది జరిగినట్టే రాస్తాను. ఒక్క ముక్క కూడా కల్పించి కలపను.

ముందు మా వదిన గురించి చెప్పాలి. మా ఆయనకు చెల్లెలు, నాకన్నా కొన్ని నెలలు పెద్ద. అన్నయ్య భార్యను కాబట్టి ఆవిడ నన్ను వదినా అంటుంది. వయసులో పెద్దది కాబట్టి నేనూ ఆవిడను వదినా అనే పిలుస్తాను. పాతికేళ్ళుగా ఇదే వరస. ఇంట్లో "వదినా" అని కేక వినబడితే ఎవరు ఎవరిని పిలిచారో గొంతును బట్టి పోల్చుకోవాల్సిందే.

వదిన మంగళగిరిలో ఉంటుంది. స్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగితే నవ్వేసి ఊరుకుంటుంది. ఆవిడను పెంచింది వాళ్ళ నాయనమ్మ. ఆ నాయనమ్మ దగ్గర ఒక పద్ధతి ఉండేది. మనిషి కనబడకుండా పిలుపు మాత్రమే వినబడితే మొదటిసారి పలకకూడదు. రెండోసారీ పలకకూడదు. మూడోసారి కూడా పిలిస్తే అప్పుడు "ఆ" అనాలి. మనుషులైతే మూడోసారి పిలుస్తారు, మనుషులు కానివి రెండుతో ఆగిపోతాయి అని ఆవిడ నమ్మకం. మా వైపు చాలా ఇళ్ళలో రాత్రిపూట ఈ మాట అంటారు. వీళ్ళింట్లో రాత్రీ పగలూ తేడా లేదు.

కోడలిగా వెళ్ళిన కొత్తలో నాకు ఇది మహా చిరాకుగా ఉండేది. వంటింట్లోంచి "వదినా, ఉప్పు డబ్బా ఎక్కడుంది?" అని అరిస్తే పెరట్లోంచి ఉలుకూ పలుకూ ఉండదు. మూడోసారి గొంతు చించుకున్నాక "ఆ, ఏంటొదినా" అంటూ తాపీగా వస్తుంది. ఒకసారి గ్యాస్ బండ తెచ్చినతను గేటు దగ్గర రెండుసార్లు పిలిచి, ఇంట్లో ఎవరూ లేరనుకుని బండతో సహా వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చేదాకా కరెంటు పొయ్యి మీదే వంట. అయినా ఆవిడ మారలేదు.

దీనికి నా దగ్గర ఒక వివరణ ఉంది. వాళ్ళది నేతపని చేసిన ఇల్లు. నట్టింట్లో గుంట మగ్గాలు ఉండేవి. మగ్గం ఆడుతుంటే ఆ చప్పుడులో మొదటి పిలుపూ వినబడదు, రెండోదీ వినబడదు. నేసేవాళ్ళు మూడోదానికి తలెత్తడం అలవాటై ఉంటుంది. మగ్గాలు పోయాక అలవాటు మిగిలింది, దానికి ఎవరో దయ్యాన్ని అంటగట్టారు. ఈ మాట వదినతో అంటే "అలాగే అనుకో వదినా, నేను కాదన్నానా" అంటుంది.

యాత్ర ఆలోచన నాది. నలభై దాటాక మోకాళ్ళు మొరాయిస్తే డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. ఆదివారాలు కృష్ణ కరకట్ట మీద తొక్కుకుంటూ వెళ్ళేదాన్ని. కొన్నాళ్ళకు వదిన తోడొచ్చింది. చల్లపల్లి దాకా వెళ్ళి, మా పుట్టింట్లో ఒక పూట ఉండి, మర్నాడు తొక్కుకుంటూ తిరిగి రాగలిగే స్థితికి వచ్చాం. మా డెల్టాలో సైకిలు తొక్కడం పెద్ద గొప్పేం కాదు. ఇక్కడ ఎత్తు అంటే కాలవ మీద వంతెనే. ఎక్కడమంటే ఏమిటో తెలియాలని దుర్గగుడి ఘాట్ రోడ్డు మీద కొన్నాళ్ళు రొప్పుకుంటూ తిరిగాం. చీరకట్టులో గుడికి వెళ్ళే తెలిసినవాళ్ళు మమ్మల్ని హెల్మెట్లతో చూసి ముక్కున వేలేసుకున్నారు.

సైకిలు క్లబ్బులో ఒకాయన బాల్కన్ దేశాల గురించి చెప్పాడు. క్రొయేషియా, బోస్నియా, మాంటెనిగ్రో. స్విట్జర్లాండులో ఉండే కొండలూ నీళ్ళే అక్కడా ఉన్నాయండీ, రేట్లు మాత్రం మనబోటివాళ్ళకు అందుతాయి అన్నాడు. సొంత గుడారంలో పడుకుని, సొంతంగా వండుకుంటే వేసవి సెలవుల్లో హాయిగా తిరిగి రావచ్చన్నాడు. నాకు ఆ మాట పట్టుకుంది.

వదిన ససేమిరా అంది. తిరుపతి, చెన్నై దాటి ఎరగని మనిషి. నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళనని బెదిరించాను. చివరికి "సరే పద, నీ పోరు పడలేను" అని ఒప్పుకుంది. మా ఆయన మాత్రం ఎయిర్‌పోర్టులో నన్ను పక్కకు పిలిచారు.

"నీకేం పర్లేదు, నిన్ను ఎవరెత్తుకెళ్ళినా వాళ్ళే తిరిగి పంపించేస్తారు. మా చెల్లిని మాత్రం జాగ్రత్తగా తీసుకురా" అన్నారు.

వేళాకోళంగానే అన్నారు గానీ కళ్ళు చెమర్చి ఉన్నాయి. అమ్మా నాన్నా పోయాక ఆయనకు మిగిలిన తోబుట్టువు ఆవిడొక్కతే. రానన్న మనిషిని లాక్కెళ్తున్నది నేను. ఆవిడను క్షేమంగా మంగళగిరి గుమ్మం ఎక్కించే పూచీ నాదే. ఆ బరువు యాత్ర పొడుగునా నా మీద ఉంది.

సైకిళ్ళు అక్కడే, డుబ్రోవ్నిక్ అనే సముద్రపు ఊళ్ళో, సెకండ్‌హ్యాండువి కొన్నాం. సైకిలు సామానులో ఇంటి నుంచి పట్టుకెళ్ళింది ఒక్క బెల్లే. మా మావగారు కొట్టు పెట్టకముందు మంగళగిరి నుంచి చీరల మూటలు సైకిలు మీద వేసుకుని బ్యారేజీ దాటి విజయవాడ వచ్చేవారు. ఆ సైకిలు తుప్పు పట్టి పోయింది గానీ ఇత్తడి బెల్లు మిగిలింది. మా ఆయన దాన్ని తోమి నా సంచిలో పెట్టారు. అక్కడి ప్లాస్టిక్ బెల్లు తీసేసి నా సైకిలుకు దాన్ని బిగించుకున్నాను. కొడితే ఆ వీధిలో జనమంతా తిరిగి చూశారు.

మొదటి రోజులు ఎంత బాగా గడిచాయో చెప్పలేను. బోస్నియాలో పాత రైలు పట్టాలు తీసేసిన దారి ఒకటి సైకిళ్ళకు వదిలారు. కార్లు లేవు, లారీలు లేవు. మధ్యాహ్నం ఏ చెట్టు కిందో ఆగి అన్నం వండుకుని, కందిపొడి కలుపుకుని, అక్కడి పెరుగు వేసుకు తినేవాళ్ళం. పెరుగు విషయంలో వాళ్ళు మనకేం తీసిపోరు అని వదిన తీర్పు చెప్పింది.

ఒక తమాషా కూడా జరిగింది. ఒక కొట్లో సామాను కొంటూ, బయట నిలబడ్డ ఆవిడను "వదినా! వదినా!" అని గట్టిగా పిలిచాను. కొట్టాయన హడావిడిగా లోపలికి వెళ్ళి రెండు మంచినీళ్ళ సీసాలు తెచ్చి నా ముందు పెట్టాడు. అక్కడి భాషలో నీళ్ళను వోడా అంటారు. నేను దాహంతో అల్లాడిపోతున్నాననుకున్నాడు పాపం. ఆ తర్వాత దాహం వేసినప్పుడల్లా "ఓ సీసా వదినా కొనుక్కుందామా" అని వదిన నన్ను ఏడిపించేది.

బోస్నియా దాటేటప్పుడు రెండు రోజులు చలివానలో తడిశాం. నా గొంతు పోయింది. జలుబు కాదు, బొంగురు కాదు, పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. మందుల షాపులో ఒకావిడ లోపలికి టార్చి వేసి చూసి, బిళ్ళలిచ్చి, నోటి మీద వేలు పెట్టి చూపించింది. కొన్నాళ్ళు మాట్లాడొద్దని.

వదిన ఆనందానికి హద్దు లేదు. "ఈ జబ్బు పేరేంటో కనుక్కో వదినా, ఇది కాస్త విజయవాడ పట్టుకెళ్తే అన్నయ్య నీకు గుడి కట్టిస్తాడు" అంది. నేను తిట్టాలని నోరు తెరిచాను, గాలి వచ్చింది. ఆవిడ నవ్వి నవ్వి సైకిలు మీంచి పడబోయింది.

అప్పుడు బెల్లు అక్కరకొచ్చింది. ఒక గంట కొడితే ఎక్కడున్నావని అర్థం, ఆవిడ నోటితో జవాబు చెప్పాలి అని చేతి సైగలతో ఒప్పందం చేసుకున్నాం. రెండు రోజులు అలాగే నడిచింది. ఎదురుగా కనబడుతూనే ఉంటాను కాబట్టి ఆవిడ మొదటి గంటకే పలికేది.

ఆ రోజు మాంటెనిగ్రోలో పీవా సరస్సు దగ్గర పొద్దున్నే బయల్దేరాం. రోడ్డు సరస్సు ఒడ్డు నుంచి కొండ మీదికి నిట్టనిలువుగా పోతుంది. కొండను తొలిచిన సొరంగాలు, సొరంగం దాటగానే మలుపు, మలుపు తిరగగానే మళ్ళీ ఎక్కుడు. ఒక పక్క రాతిగోడలాంటి కొండ, ఇంకో పక్క లోయ. లోయ అడుగున ఆకుపచ్చటి నీళ్ళు. చాలాచోట్ల అంచున అడ్డుగోడ లేదు, అక్కడక్కడా మోకాలెత్తు రాళ్ళు పాతి ఉన్నాయి, అంతే.

నేను ముందు, ఆవిడ వెనక. ఎక్కుడులో నేను మెల్లగా తొక్కుతాను, ఆవిడ దిగి నెట్టుకుంటూ వస్తుంది. ప్రతి మలుపులో ఆగి, ఆవిడ ఎర్ర రెయిన్‌కోటు కనబడ్డాకే మళ్ళీ కదులుతాను.

ఇంకా మధ్యాహ్నం కాలేదు. సొరంగాలన్నీ దాటి ఒక మలుపులో ఆగాను. అన్నం గిన్నె మూత తీస్తే ఆవిరి లేచినట్టు సరస్సు మీంచి మబ్బు లేచింది. చూస్తుండగానే రోడ్డు మీదికి వచ్చేసింది. కృష్ణ మీద పొగమంచు నాకు తెలుసు, శీతాకాలం బ్యారేజీ మీద లైట్లు వేసుకుని పోతుంటాం. ఇది అలాంటిది కాదు. నా సైకిలు ముందు చక్రం నాకు కనబడుతోంది, దాని అవతల ఏమీ లేదు.

వదిన కోసం చూశాను. రాలేదు. చెవులు రిక్కించి విన్నాను. టైరు చప్పుడు లేదు, చెప్పుల చప్పుడు లేదు. బెల్లు కొట్టాను. జవాబు లేదు.

కాసేపాగి మళ్ళీ కొట్టాను. దానికీ జవాబు లేదు. అప్పుడు భయమేసింది. అది దయ్యం భయం కాదు. ఎయిర్‌పోర్టులో మా ఆయన కళ్ళు గుర్తొచ్చాయి. ఆవిడ అంచుకు దగ్గరగా నడుస్తోందేమో, చక్రం జారిందేమో, నేనిక్కడ గొంతు లేకుండా నిలబడి ఉన్నానే అని ఏడుపొచ్చింది.

మూడోసారి కొట్టాను. రెండోదానికీ మూడోదానికీ మధ్య కొంచెం ఎడం ఉంది. ఆ ఎడంలో ఏం జరిగిందో చివర్లో రాస్తాను. ఇక్కడే రాస్తే మిగతాది మీరు సరిగ్గా చదవరు.

మూడో గంటకు కింది రోడ్డు మీంచి, కొండ వైపు నుంచి జవాబొచ్చింది.

"ఆ, ఇక్కడున్నా వదినా!"

నా ప్రాణం లేచొచ్చింది. సైకిలు పట్టుకుని, కొండ రాతిని చేత్తో తడుముకుంటూ కిందికి నడిచాను. ఎర్రగా ఏదో మసకగా కనబడింది. వదిన రోడ్డు మధ్యలో సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. వెళ్ళి జబ్బ పట్టుకున్నాను. వచ్చిన కోపానికి గొంతు లేకపోయినా తిట్టాను, పెదాలతోనే. మొదటి గంటకు పలకడానికి నీకేం రోగం అని.

"కనబడకుండా పిలిస్తే మూడోదాకా పలకనని నీకు తెలియదా?" అంది ఆవిడ.

బెల్లుకి కూడానా అని చేత్తో బెల్లు చూపించాను.

"బెల్లయితే మాత్రం! అయినా నోటితో పిలిచినదానివి మళ్ళీ బెల్లు కొట్టడమెందుకు? నీ గొంతొచ్చేసిందని ఎంత సంబరపడ్డానో" అంది.

నాకు అర్థం కాలేదు. నేను పిలిచానా అని వేలితో నా గుండె మీద పొడుచుకుని అడిగాను.

"పిలిచావుగా వదినా, రెండుసార్లు. బెల్లు కొట్టకముందు. వదినా, వదినా అని. అటు నుంచి." గడ్డంతో లోయ వైపు చూపించింది. "రోడ్డు అటు తిరిగిందేమో, మలుపులో ఆగావేమో అనుకున్నా. హ్యాండిలు కూడా అటు తిప్పుకున్నా. మూడోసారి పిలిస్తే వచ్చేదాన్నే. నువ్వే పిలవలేదు."

ఆవిడ సైకిలు ముందు చక్రం నిజంగానే లోయ వైపు తిరిగి ఉంది.

నేను నా గొంతు చూపించి, నోరు బార్లా తెరిచి, ఉన్న ఊపిరంతా పెట్టి "వదినా" అన్నాను. బుస్సుమని గాలి వచ్చింది. ఆవిడ నా నోటికేసి చూసింది. మొహంలో రంగు మారింది. సైకిళ్ళు కొండకు ఆనించి, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని రాతికి వీపు ఆనించి నిలబడ్డాం.

మబ్బు వచ్చినంత తొందరగా పోలేదు. మెల్లగా ముందు రోడ్డు కనబడింది, తర్వాత అంచు కనబడింది. వదిన హ్యాండిలు తిప్పిన చోట రోడ్డు తిరగలేదు. అటు కాస్త దూరంలోనే రోడ్డు అంచు ఉంది. అక్కడ అడ్డుగా రాయి కూడా లేదు. ఎప్పుడో ఊడి పడిపోయినట్టుంది, పాతిన గుంట మాత్రం ఉంది. దాని అవతల సరస్సే. అక్కడ మనిషి నిలబడటానికి చోటు లేదు, గట్టు లేదు, చెట్టు కొమ్మ కూడా లేదు.

వదిన అది చూసి రోడ్డు మీద కూర్చుండిపోయింది. "నీ గొంతే వదినా. నీ గొంతు నాకు తెలియదా" అని మాత్రం అంది.

ఆ రోజు ఇక సైకిలు ఎక్కలేదు. నెట్టుకుంటూ పైనున్న పల్లెకు చేరి, గుడారం వేసే ఓపిక లేక ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాం. వదిన ఫోనులో అనువాదం చేసే దాంట్లో, కింద మంచులో నన్ను ఎవరో పిలిచారు అని కొట్టి ఆవిడకు చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఎవరు, ఎక్కడ అని అడగలేదు. మా ఇద్దరి మొహాలూ చూసి రెండు వేళ్ళు ఎత్తి చూపించింది.

వదిన నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఎన్నిసార్లు పిలిచారో మేం రాయలేదు.

కానీ నేను చెప్పేది వినండి. ఆవిడ రెండు గిన్నెల సూపు కావాలా అని అడిగి ఉండవచ్చు. వదిన తల ఊపాక రెండు గిన్నెల్లో సూపు వచ్చింది కూడా. బంగాళాదుంపల సూపు, బాగుంది.

ఇంటికొచ్చాక దీని గురించి నేను చెయ్యని విచారణ లేదు. నా గొంతు సంగతే ముందు తేల్చుకుందామని విజయవాడలో డాక్టరుకు చూపించుకున్నాను. అప్పటికి ఇంకా బొంగురుగానే ఉంది. ఆయన గొట్టం పెట్టి చూసి, స్వరపేటిక వాపు ఇప్పటికీ తగ్గలేదండీ, అప్పుడు మీరు కేక వెయ్యడం జరిగే పని కాదు అన్నాడు. కాబట్టి నాకు తెలియకుండా నేనే పిలిచానన్న మాట కొట్టేశాను.

ఎవరో గొర్రెలు కాచుకునేవాడు వోడా, వోడా అని అరిచి ఉంటాడు, అది వదినకు అలా వినబడి ఉంటుంది అన్నారు మా ఆయన. బాగానే ఉంది. అయితే వాడు లోయ మీద గాలిలో ఎలా నిలబడ్డాడో ఆయన చెప్పలేదు. కొండల మధ్య ప్రతిధ్వని అన్నాడు సైకిలు క్లబ్బాయన. ప్రతిధ్వనికి ముందు ధ్వని ఉండాలి కదా. ఆ సరస్సు అడుగున ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన పాత ఊరు ఒకటి ఉందని, అందుకే ఇలా అని మా కొట్టుకు వచ్చే ఒకావిడ తేల్చేసింది. నాగార్జునసాగర్ కింద కూడా ఊళ్ళు మునిగాయి, అక్కడి నుంచి నన్నెవరూ పిలవలేదండీ అన్నాను. అయినా మాంటెనిగ్రో దయ్యానికి తెలుగు వరసలు ఎలా తెలుస్తాయి?

వదిన మాత్రం ఏ వివరణా వెతకలేదు. నాయనమ్మ ఫోటోకు దండ వేసి, మర్నాడే స్కూలుకు వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆదివారాలు నాతో కరకట్ట మీదికి వస్తుంది. వచ్చే ఏడు అల్బేనియా వెళ్దామా అని ఆవిడే అడుగుతోంది.

ఇప్పుడు ఆ ఎడం సంగతి రాయాలి. ఇది వదినకు చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. వాళ్ళూ మీతో పాటే చదువుకుంటారు.

రెండో గంట కొట్టాక సైకిలును కొండ రాతికి ఆనించి, ఇంకాస్త స్పష్టంగా వినబడుతుందేమోనని రోడ్డు మధ్యకు వచ్చి నిలబడ్డాను. అప్పుడు వినబడింది.

"వదినా."

మా వదిన గొంతు. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ పిలిచినట్టు. లోయ వైపు నుంచి, చాలా దగ్గర నుంచి.

నాకు భయం వెయ్యలేదు. చెప్పలేనంత సంతోషం వేసింది. హమ్మయ్య, బతికే ఉంది అనుకున్నాను. నేను మా వదినలాంటిదాన్ని కాదు, ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతాను. నోరు తెరిచి "ఆ, వస్తున్నా, అక్కడే ఉండు" అన్నాను. నావరకు నేను అన్నాను. బయటికి గాలే వచ్చింది. అంటూనే అటు నడిచాను.

"వదినా."

ఈసారి ఇంకా దగ్గరగా. మళ్ళీ నోరు తెరిచాను, మళ్ళీ గాలే. అప్పుడు నాకు ఒకటే బెంగ పట్టుకుంది. నేను పలకకపోతే నన్ను వెతుక్కుంటూ ఆవిడ కదులుతుంది, ఈ మంచులో ఎక్కడ అడుగు వేస్తుందో ఏమో. కదలకుండా ఆపాలి. ఆపడానికి నా దగ్గర ఉన్నది బెల్లు ఒక్కటే, అది సైకిలుకు ఉంది. అందుకని వెనక్కి తిరిగి, తడుముకుంటూ సైకిలు దగ్గరికి వెళ్ళి బెల్లు కొట్టాను. అదే మూడో గంట.

జవాబు నా వెనక కింది రోడ్డు మీంచి వచ్చింది. నేను అంతకుముందు నడిచిన లోయ వైపు నుంచి మాత్రం మూడో పిలుపు రాలేదు.

వదిన చేతిని పట్టుకుని నిలబడి, మంచు తొలగాక పైకి వచ్చినప్పుడు నేను ఆగిన మలుపు చూశాను. రోడ్డు పక్క తడిమట్టిలో నా బూటు గుర్తులు ఉన్నాయి. అంచు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి ఉన్నాయి. వదిన చూడకుండా వాటిని కాలితో చెరిపేశాను.

నాకు ఆ రోజు గొంతు ఉండి ఉంటే పలికేదాన్ని. పలుకుతూ నడిచేదాన్ని. ఆపడానికి నన్ను ఏ నాయనమ్మా పెంచలేదు. అవేం పిలుపులో, రెండు చోట్ల రెండు గొంతులతో ఒకే మాట ఎలా వినబడిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. దయ్యాలను మాత్రం నమ్మను.

కొట్లో వెనక గదిలోంచి మా ఆయన నన్ను పిలుస్తుంటారు. ఈ మధ్య నేను వెంటనే పలకడం లేదట, చెవుడు వచ్చిందా ఏంటని విసుక్కుంటున్నారు. మూడోసారి పిలిచేదాకా ఆగి, అప్పుడు "వస్తున్నానండీ" అంటున్నాను.